మంచం పట్టిన మనిషి నొప్పి తగ్గించే చదువు ఫోన్ దాకా వచ్చింది, ఊరి దాకా రావాలి

ఈ మధ్య పల్లెల్లో ఎం.ఎల్.హెచ్.పి.లుగా, అంటే ఊరి సబ్‌సెంటర్లో ఉండే నర్సులుగా చేరిన అమ్మాయిలు ఫోన్ చేసి ఒకటే అడుగుతుండారు, అక్కా నువ్వు ఆన్‌లైన్‌లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బున్నవాళ్ళ నొప్పి, బాధ తగ్గించే వైద్యం) కోర్సు చేశావంట కదా, అది చేస్తే ఏమొస్తాది, సర్టిఫికెట్ దేనికన్నా పనికొస్తాదా, పిల్లల్ని పెట్టుకుని చేయగలమా అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా కూర్చుని రాస్తే మేలనిపించింది, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నేను ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు ఒక గవర్నమెంట్ హాస్పిటల్‌లో స్టాఫ్ నర్స్‌ని. మా ఏరియా తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మెట్ట పొలాలు, పొగాకు, కంది, బోర్లలో ఫ్లోరైడ్ నీళ్ళు, పనుల్లేనప్పుడు హైదరాబాద్, బెంగుళూరు వలసలు. పెద్ద జబ్బొస్తే ఒంగోలు, అక్కడ కాదంటే గుంటూరు, నెల్లూరు వైపు వాళ్ళయితే చెన్నై, వేలూరు. ఆపరేషన్‌కీ, కీమోకీ, కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవడానికీ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పట్టుకుని పోతారు, అక్కడ చేయాల్సింది చేస్తారు. ఆ తర్వాత ఒక రోజు వస్తుంది, డాక్టర్ గారు కొడుకుని పక్కకి పిలిచి ఇంక చేసేదేం లేదయ్యా, ఇంటికి తీసుకుపోండి అంటారు. ఆ మాట అయ్యాక కూడా ఆ మనిషి నెలల తరబడి బతికే ఉంటాడు. నొప్పి ఉంటుంది, పుండు ఉంటుంది, వాసన ఉంటుంది, నిద్ర ఉండదు, ఇంట్లోవాళ్ళకి భయం. ఆ నెలలు ఎవరు చూడాలి? ఊళ్ళో ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎమ్., మాలాంటి నర్సులు, పి.హెచ్.సి. డాక్టరు. అంతకు మించి ఎవరూ లేరు. మరి మాకు ఆ పని ఎవరు నేర్పారు? నేను నర్సింగ్ చదివినప్పుడు ప్రసవాలు నేర్పారు, ఇంజెక్షన్లు నేర్పారు, బెడ్ మేకింగ్ అయితే కలలో కూడా చేసేంత నేర్పారు, నయం కాని జబ్బుతో ఇంటికొచ్చిన మనిషిని ఎట్లా చూసుకోవాలో మాత్రం పరీక్షకి రాసే నాలుగు లైన్లే.

స్పెషలిస్టుని మా ఊరికి తెప్పించడం అయ్యే పని కాదు. పాలియేటివ్ మెడిసిన్‌లో ఎం.డి. చేసినవాళ్ళు పెద్ద ఊళ్ళల్లోనే అరుదు, వాళ్ళు వచ్చి కనిగిరిలోనో పామూరులోనో కూర్చుంటారని ఎదురు చూస్తే మన జీవితాలు అయిపోతాయి. నర్సుని ఆరు నెలలు సెలవు పెట్టించి కేరళకి పంపడమూ కాదు, ఆ ఆరు నెలలు వార్డు ఎవరు చూస్తారు, ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు. అందుకే ఆ చదువే ఇక్కడికి రావాలి. ఇదే నేను గట్టిగా నమ్మే మాట.

ఇట్లా చదువు పంపడం ఎక్కడ మొదలైందో చెప్తా, ఎందుకంటే ఆన్‌లైన్ ట్రైనింగ్ అనగానే మనవాళ్ళకి వీడియో పెట్టేసి పక్కన పెట్టి చివర్లో క్విజ్ టిక్కులు కొట్టే పనే గుర్తొస్తుంది. అమెరికాలో న్యూమెక్సికో అని ఒక రాష్ట్రం ఉంది, ఎడారి, ఊరికీ ఊరికీ చాలా దూరం. అక్కడ యూనివర్సిటీలో సంజీవ్ అరోరా అని లివర్ డాక్టర్, ఇండియా నుంచి వెళ్ళినాయనే. హెపటైటిస్ సి అనే వైరస్ పట్టి లివర్ పాడయ్యే పేషెంట్లు ఆయన అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఆగాల్సి వచ్చేది, గంటలు గంటలు బండి నడుపుకుంటూ వచ్చేవాళ్ళు, కొందరు వచ్చేసరికే ఆలస్యం అయిపోయేది. అప్పట్లో దానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, సైడ్ ఎఫెక్టులు ఎక్కువ, చిన్న ఊళ్ళ డాక్టర్లు ముట్టుకోవడానికి భయపడేవాళ్ళు. ఆయన 2003 లో ప్రాజెక్ట్ ఎకో అని మొదలుపెట్టాడు. ఆ చిన్న ఊళ్ళ డాక్టర్లనీ నర్సులనీ జైళ్ళల్లో పనిచేసే వైద్య సిబ్బందినీ వారం వారం వీడియోలో కూర్చోబెట్టి, వాళ్ళ పేషెంట్ల కేసులు వాళ్ళ చేతే చెప్పించి, అందరూ కలిసి మాట్లాడుకుని, వైద్యం మాత్రం ఆ ఊరి డాక్టరే చేసేట్టు పెట్టాడు. 2011 లో దాని ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. 407 మంది పేషెంట్లు. యూనివర్సిటీలో స్పెషలిస్టుల దగ్గర వైరస్ పోయినవాళ్ళు 57.5 శాతం, ఊళ్ళల్లో మామూలు డాక్టర్ల దగ్గర 58.2 శాతం. రెండూ ఒకటే అన్నట్టు. తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు యూనివర్సిటీలో 13.7 శాతం మందికి వస్తే ఊళ్ళల్లో 6.9 శాతానికే వచ్చాయి. నాకు ఈ లెక్క నోటికొచ్చేసింది, ఎందుకంటే పల్లెటూరి సిబ్బందికి ఇదంతా ఎక్కడ అర్థమవుతుంది అనేవాళ్ళు ఎదురైన ప్రతిసారీ నేను ఈ లెక్కే చెప్తా.

మన దేశంలో పాలియేటివ్ కేర్‌కి ఈ పద్ధతి తిరువనంతపురం పాలియం ఇండియా వాళ్ళు బాగా వాడుతున్నారు, డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు 2003 లో పెట్టిన సంస్థ అది. బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు మానసిక ఆరోగ్యానికి 2018 నుంచి డిజిటల్ అకాడమీ పెట్టి జిల్లాల్లో పనిచేసేవాళ్ళకి నేర్పుతున్నారు. ఇంకొక మాట, ఈ-సంజీవని వేరు, ఇది వేరు. అందులో మన ముందు కూర్చున్న పేషెంట్‌కి దూరంగా ఉన్న డాక్టర్ సలహా చెప్తారు, ఆ పేషెంట్ వరకు మంచిదే, మన ఆంధ్రాలో 2019 నుంచీ నడుస్తోంది. కానీ రేపు అట్లాంటి పేషెంటే ఇంకొకరు వస్తే మళ్ళీ కాల్ చేయాల్సిందే. ట్రైనింగ్ అయితే ఆ తెలివి మన దగ్గరే ఉండిపోతుంది.

సరే, నేను చేసిన కోర్సు ఎట్లా ఉండిందో చెప్తా. వారానికి ఒక సాయంత్రం జూమ్‌లో క్లాసు. మొదట ఒక చిన్న పాఠం, అది అరగంటలోపే, తర్వాత అసలు విషయం, ఎవరో ఒకరు తమ పేషెంట్ కేసు పెడతారు. పేరు చెప్పకూడదు, ఊరు చెప్పకూడదు, మొహం కనిపించే ఫోటో పెట్టకూడదు. వయసు, జబ్బు, ఇప్పుడున్న బాధ, ఇంటి పరిస్థితి, మనం ఇంతవరకు చేసింది, మనకి తెలియంది. అవతల కేరళ నర్సులు, అస్సాం నుంచి ఒక డాక్టరు, మహారాష్ట్ర నుంచి ఒక సిస్టర్, అందరూ ప్రశ్నలు వేస్తారు, చివర్లో సీనియర్ డాక్టర్ మాట్లాడతారు. ఇంగ్లీషులోనే జరుగుతుంది, మొదట్లో ఆ యాసలు పట్టుకోవడం కష్టంగానే ఉంటుంది, రెండు మూడు క్లాసులకి చెవి అలవాటు పడుతుంది.

నేను పెట్టిన మొదటి కేసు ఒక పొగాకు బ్యారన్ (పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం) కూలీది. కనిగిరి అవతల ఒక పల్లె, యాభై దాటిన మనిషి, చిన్నప్పటి నుంచీ బ్యారన్లో పొయ్యి దగ్గర పని, చుట్ట అలవాటు, బుగ్గ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కరెంటు పెట్టారు, మళ్ళీ తిరగబెట్టింది. బుగ్గకి బయటికి పుండు పడింది. ఆ వాసనకి మనవళ్ళు దగ్గరికి పోవడం లేదు, ఆయనే వరండాలో చివరికి మంచం వేయించుకుని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాళ్ళావిడ హాస్పిటల్‌కి వచ్చి, "నర్సమ్మా, నొప్పి సంగతి తర్వాత, ముందు ఆ వాసన పోయేదానికి ఏదన్నా ఉంటే ఇయ్యమ్మా, పిల్లోళ్ళు తాత దగ్గరికి పోతల్లేదు" అని అడిగింది.

నేను క్లాసులో నొప్పికి ఏ మందు ఇవ్వాలి అని అడిగా. వాళ్ళు వరసపెట్టి నన్ను అడిగారు. నొప్పి ఎట్లా ఉందంటాడు, పోటులాగానా, మంటలాగానా, కరెంటు షాక్ కొట్టినట్టా? మంట, షాక్ అయితే అది నరాల నొప్పి, మామూలు నొప్పి మాత్రలకి లొంగదు, దానికి వేరే మందు కలపాలి. రాత్రి నిద్రపోతాడా? మింగగలుగుతాడా? విరేచనం ఎప్పుడైంది? ఇంట్లో పుండు కట్టు ఎవరు కడతారు? అప్పు ఎంతుంది? ఆయనకి ఈ జబ్బేంటో తెలుసా? ఇవన్నీ కనుక్కుని రావాలని నాకు అప్పుడే అర్థమైంది. వాసన గురించి చెప్పింది మాత్రం చాలా తేలిక, ఖరీదు లేని పని, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి పుండు కడిగాక దాని మీద చల్లమన్నారు. ఆ వాసన పుండులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా వల్ల వస్తుంది, ఆ మందు వాటిని చంపుతుంది. మా హాస్పిటల్ ఫార్మసీలో డబ్బాలు డబ్బాలు ఉండే మందు. కొద్ది రోజులకే వాసన బాగా తగ్గింది, మంచం వరండా చివరి నుంచి లోపలికి వచ్చింది. స్పెషలిస్టు తెలివంటే పెద్ద మెషిన్లే అనుకునేవాళ్ళకి నేను ఇది చెప్తా. ఆ మందు మా దగ్గర ఎప్పటి నుంచో ఉంది, దాన్ని ఇట్లా వాడొచ్చని మాకు చెప్పినవాళ్ళే లేరు.

పాఠాల్లో నాకు బాగా పట్టుకున్నది సిసిలీ సాండర్స్ గారి గురించి. 1967 లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయం కాని జబ్బువాళ్ళని చివరి రోజుల్లో చూసుకునే చోటు) పెట్టినావిడ, మొదట నర్సుగా చేసి, తర్వాత సోషల్ వర్క్ చేసి, ఆ తర్వాత డాక్టర్ చదివింది. నొప్పి అంటే ఒంట్లోదే కాదు, మనసుది, కుటుంబానిది, డబ్బుది, దేవుడి మీద కోపానిది, అన్నీ కలిపి ఒకటే నొప్పి అని చెప్పింది ఆవిడే. మన దగ్గర ఇది చాలా కరెక్టు. బ్యారన్ కూలీ ఆయనకి నొప్పి బాగా పెరిగిన రోజులు చూస్తే అప్పులోళ్ళు ఇంటికొచ్చిన రోజులే అని వాళ్ళావిడే లెక్కచెప్పింది.

ఇంకా విలువైన క్లాసు మాట్లాడటం గురించి. మన ఇళ్ళల్లో జరిగేది అందరికీ తెలుసు, కొడుకు గేటు దగ్గరే ఆపేసి "సిస్టర్, అమ్మకి క్యాన్సర్ అని చెప్పబాకండి, తట్టుకోలేదు" అంటాడు, లోపల అమ్మేమో నా చెయ్యి పట్టుకుని "నాకంతా తెలుసు బిడ్డా, వాడికి మాత్రం చెప్పబాక, బెంగ పడతాడు" అంటుంది. ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు దాచుకుని ఒకే ఇంట్లో విడివిడిగా ఏడుస్తా ఉంటారు. దీనికి క్లాసులో మమ్మల్ని ఇద్దరిద్దరిగా విడగొట్టి నువ్వు కొడుకు, నువ్వు నర్సు అని ఆడించారు. చెప్పమంటారా వద్దా అని వాదించకూడదు, అమ్మకి ఎంత తెలుసు, ఎంత తెలుసుకోవాలని ఉంది అని ముందు అమ్మనే అడగాలి, కొడుకు భయం ఏందో కూడా వినాలి, మధ్యలో వచ్చే మౌనాన్ని మాటలతో నింపకూడదు. ఫోన్ స్క్రీన్ మీద ఇది నేర్చుకోవచ్చా అనే అనుమానం నాకూ ఉండేది, నేర్చుకోవచ్చు, బాగా నేర్చుకోవచ్చు, ఎందుకంటే తర్వాత వారమే నిజం ఇంట్లో వాడి, ఏం జరిగిందో మళ్ళీ వచ్చి చెప్పాలి కాబట్టి. వేరే ఊరికి పోయి ఒక్కసారిగా నేర్చుకుని వచ్చేస్తే ఈ రాకపోకలు ఉండవు.

మధ్యలో ఫ్లోరోసిస్ గురించి, అంటే ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బు గురించి ఒక మాట. మన దేశంలో ఊళ్ళకి ఊళ్ళని పట్టే ఫ్లోరోసిస్ మీద మొదటి వైద్య పరిశోధన వ్యాసం 1937 లో వచ్చింది, అది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. ప్రకాశం జిల్లా 1970 లో ఏర్పడకముందు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లావే కదా. అంటే ప్రపంచానికి మన వంగిన నడుములు చూపించి దగ్గర దగ్గర తొంభై ఏళ్ళవుతోంది. ఇప్పటికీ మెడ తిప్పలేక, నడుం లేవక, మంచంలో పక్కకి దొర్లడానికి కూడా మనిషి సాయం కావాల్సిన పెద్దవాళ్ళు మా చుట్టుపక్కల ఉండారు. వాళ్ళది క్యాన్సర్ కాదు, కానీ నొప్పి నొప్పే, మంచం పుండు మంచం పుండే. పాలియేటివ్ కేర్ చావు దగ్గరికొచ్చినవాళ్ళకి మాత్రమే అనుకోవద్దు అని క్లాసులో చెప్పినప్పుడు నాకు ముందు వీళ్ళే కళ్ళ ముందు మెదిలారు. మనకి దొరికే చదువు మన జబ్బుల మీద కూడా ఉండాలి, ఫ్లోరైడ్ పేషెంట్ల నొప్పి గురించి, కిడ్నీ పోయి డయాలసిస్‌కి తిరగలేక మానేసినవాళ్ళ గురించి తెలుగులో ఒక సెషన్ నడిపితే ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల నర్సులం మొత్తం కూర్చుంటాం.

ఇప్పుడు మార్ఫిన్ సంగతి, అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్యాన్సర్ నొప్పి బాగా ముదిరితే నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్రే దారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 లోనే నొప్పికి మెట్ల పద్ధతి చెప్పింది, చిన్న నొప్పికి పారాసిటమాల్ లాంటివి, పై మెట్టులో మార్ఫిన్. డాక్టర్ చూసుకుంటూ, నొప్పికి తగ్గ మోతాదులో, టైమ్ ప్రకారం ఇస్తే మత్తుకి బానిసవడం చాలా అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, అందుకే మార్ఫిన్ రాసిన చీటీలో విరేచనం మందు కూడా ఉందా అని చూసుకోవడం నర్సు పని. మన దేశంలోనే మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో మార్ఫిన్ తయారయ్యే నల్లమందుని ప్రభుత్వమే లైసెన్స్ ఇచ్చి పండిస్తుంది, మందుల కోసం బయటి దేశాలకి కూడా పోతుంది. మా పల్లెలో బుగ్గ క్యాన్సర్ మనిషికి మాత్రం దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల లైసెన్సుల బాధ పడలేక ఆసుపత్రులు ఉంచుకోవడమే మానేశాయి. 2014 లో ఆ చట్టాన్ని సవరించారు. మార్ఫిన్‌తో కలిపి ఆరు మందుల్ని వైద్యానికి తప్పనిసరిగా కావాల్సిన మత్తుమందులని చెప్పి, రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఇచ్చిన ఆసుపత్రి వాటిని తెప్పించుకోవచ్చు అన్నారు. ఆ గుర్తింపుకి ఏం కావాలి? నొప్పి తగ్గించడంలో ట్రైనింగ్ అయిన డాక్టర్ ఒక్కరైనా ఆ ఆసుపత్రిలో ఉండాలి, లెక్కలు సరిగ్గా రాయాలి.

చూశారా, ఒక్క డాక్టరు ట్రైనింగ్ అయితే ఆ మందుకి తలుపు తెరుచుకుంటుంది. అందుకే మా మెడికల్ ఆఫీసర్ సార్ వెంట పడి, "సార్, మీరు చేస్తే మందు వస్తది సార్, నేను చేస్తే కట్లు కట్టడమే వస్తది" అని చెప్పి చెప్పి ఆయన్ని కూడా తర్వాత బ్యాచ్‌లో చేర్పించా. కుర్రోడు, ఓపిక ఉన్న మనిషి, నైట్ డ్యూటీ రూమ్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని క్లాసులు విన్నాడు. ఇప్పుడు గుర్తింపు కాగితాలు నడుస్తున్నాయి. అంతవరకు మాత్రం మా పేషెంట్ల కొడుకులు నెలకోసారి బస్సెక్కి పెద్ద ఊరికి పోయి తెచ్చుకుంటున్నారు, ఆ రోజు కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి, ఆ రోజు ఓపీ లేకపోతే ఉత్త చేతుల్తో వస్తారు. ఏ మందు వేయాలో తెలిసి కూడా అది చేతిలో లేక పేషెంట్ మంచం పక్కన నిలబడటం, తెలియక నిలబడటం కన్నా చాలా కష్టం. ఆన్‌లైన్ కోర్సు పెట్టేవాళ్ళు ఎన్ని వేల మందికి సర్టిఫికెట్ ఇచ్చామని చెప్పుకునే బదులు వాళ్ళల్లో ఎందరి ఆసుపత్రికి మార్ఫిన్ వచ్చింది అని లెక్క పెట్టాలని నా కోరిక.

ఆన్‌లైన్‌తో అన్నీ వస్తాయని నేను చెప్పను. కడుపులో నీరు తీసేటప్పుడు సాయం చేయడం, చర్మం కింద సన్న సూదితో మందు ఎక్కించడం, వాచిపోయిన చేతికి కట్టు ఎంత బిగువుగా చుట్టాలో, ఇవి వీడియోలో వెయ్యిసార్లు చూసినా చేతికి రావు. నేను తర్వాత హైదరాబాద్ వెళ్ళి కొన్ని రోజులు వార్డులో నిలబడి నేర్చుకున్నాకే ధైర్యం వచ్చింది. చదువు ఫోన్‌లో, చేతిపని వార్డులో, ఆ తర్వాత అనుమానం వస్తే అడగడానికి ఒక సీనియర్ నంబరు, ఈ మూడూ ఉంటేనే ట్రైనింగ్. మూడోది లేని కోర్సులు చాలా ఉండాయి, అయిపోగానే గ్రూపు మూసేస్తారు, అప్పుడే కదా అసలు పేషెంట్లు మొదలయ్యేది.

ఇంకొకటి, డ్యూటీ టైమ్. మన దగ్గర ట్రైనింగ్ అంటే నర్సు సొంత నిద్రలోంచి, సొంత డేటాలోంచి తీసి చేసుకోవాల్సిన పనిలాగా చూస్తారు. నైట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి వంట చేసి పిల్లల్ని స్కూల్‌కి పంపి మళ్ళీ సాయంత్రం క్లాసులో కూర్చున్న అమ్మాయి ఏం నేర్చుకుంటుంది? మేము కూర్చున్నామంటే అది మా పట్టుదల, దాన్ని పద్ధతిగా పెట్టేయకూడదు. వారానికి రెండు గంటలు డ్యూటీ చార్టులోనే ట్రైనింగ్ అని రాసి, హాస్పిటల్ వైఫై ఉన్న గదిలో కూర్చోబెడితే పోయేదేం లేదు. మా చుట్టుపక్కల కొన్ని ఊళ్ళల్లో సిగ్నల్ కోసం మేడెక్కాల్సిందే, అట్లాంటి సబ్‌సెంటర్ అమ్మాయిలు పి.హెచ్.సి.కి వచ్చి కూర్చునేలా చేస్తే ఇంకా మంచిది, నలుగురూ కలిసి వింటే అక్కడే తెలుగులో మాట్లాడుకుంటారు.

కాబట్టి అడిగిన అమ్మాయిలందరికీ, కోర్సులో చేరేముందు ఈ విషయాలు కనుక్కోండి. మన కేసులు మనం చెప్పే అవకాశం ఉందా, లేక వీడియోలేనా? వార్డులో ప్రాక్టికల్ ఎక్కడ పెడతారు? అయిపోయాక ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు? మీ పి.హెచ్.సి. డాక్టర్‌ని కూడా చేర్పించే మార్గం చూడండి, మీరొక్కరే చేస్తే సగమే. ఇన్‌ఛార్జ్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా తేదీలు వేసి కాగితం మీద పర్మిషన్ అడగండి. సర్టిఫికెట్ వల్ల ఇంక్రిమెంట్ ఏమీ రాదు, ఉన్న మాట చెప్తున్నా. నాకు రాలేదు. మొదటి కేసుగా ఏం పెట్టాలో తెలియకపోతే మీ ఊళ్ళో మంచం మీద ఉన్నవాళ్ళ ఇళ్ళకి ఆశా అక్కని తీసుకుని ఒకసారి పోయి రండి, ఏం చూశారో రాసి నాకు మెసేజ్ పెట్టండి, కేసు ఎట్లా రాయాలో కూర్చుని ఇద్దరం చూద్దాం.